అర్జీలు వ్రాయించిన వర్తకుడు: గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు



ఉద్యోగరీత్యా సూరతు చేరిన తెలుగువారికి ఈ నగరచరిత్రలో మొట్టమొదట జ్ఞప్తికి వచ్చునది 1907వ సంవత్సరపు కాంగ్రెసు మహాసభ. ఆ డిసెంబరు మాసమున తాపీనది యొడ్డున మితవాదులును అతివాదులును కలహించి విడిపోయిన వృత్తాంతము పిల్లల పాఠ్యపుస్తకములలో సైతము కలదు. వేదికమీదికి చెప్పు విసరినదెవరు, అది యెవరికి తగిలినది అను ముచ్చట నేటికిని చెప్పుకొందురు. కాని ఆ కలహమునకు వెనుకనున్న ప్రశ్న చెప్పుకన్న పాతది, బరువైనది. ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనుట రాజకీయమా, లేక యాచకమా? అతివాదులు యాచకమే యనిరి. ఈ ప్రశ్నకు అరువదియేండ్లు ముందుగా, చెన్నపట్టణమున ఒక తెలుగు వర్తకుడు తన జీవితమునే ఒడ్డి యొక సమాధానము చెప్పియుండెను. ఆయన పేరు గాజుల లక్ష్మీనరసు శెట్టి. నేటి ప్రసంగము ఆయనను గూర్చినది.

కథను మరల సూరతునుండియే ఆరంభించుట యుక్తము. 1844వ సంవత్సరము ఈ యూరికి సామాన్యమైనది కాదు. ఆ జూన్ నెలలో దుర్గారామ్ మెహతాజీ అను బడిపంతులు తన మిత్రులతో గూడి ఇచ్చట మానవధర్మసభను స్థాపించెను. ఆగస్టులో ప్రభుత్వమువారు ఉప్పుసుంకమును మణుగునకు ఎనిమిది అణాలనుండి ఒక రూపాయకు పెంచిరి. ఆగస్టు 29వ తేదీన అంగళ్ళు మూతపడెను, జనము వీథులకెక్కెను, అల్లరి చెలరేగెను. తుదకు సుంకము పన్నెండు అణాలకు దిగివచ్చెను. నాలుగేండ్ల తరువాత, 1848లో, బంగాళాదేశపు తూనికలను కొలతలను ఇచ్చట ప్రవేశపెట్టబోగా సూరతువారు మరల సహాయనిరాకరణ చేసి, ఆ ప్రయత్నమును మాన్పించిరి. అంగడి తలుపు మూయుటయే సూరతు వర్తకుని భాష. ఆ భాష ప్రభుత్వమునకు వెంటనే అర్థమయ్యెడిది.

అదే 1844లో, ఉప్పు అల్లరి జరిగి అయిదువారములైనను నిండకమునుపే, అక్టోబరు 2వ తేదీన, చెన్నపట్టణమున 'క్రెసెంట్' అను ఇంగ్లీషు పత్రిక వెలువడెను. దాని యజమాని లక్ష్మీనరసు శెట్టిగారు. చెన్నపట్టణపు వర్తకుడు అంగడి తలుపు మూయలేదు. అచ్చుకూటపు తలుపు తెరచెను.

శెట్టిగారు 1806లో చెన్నపట్టణమున జన్మించిరి. తండ్రి సిద్ధులు శెట్టిగారు నీలిమందు వర్తకములో పేరుపొందినవారు. ఆనాడు నీలిమందు అనగా నేటి రంగులపొడివంటి చిల్లర సరకు కాదు. ఒకప్పుడు గుజరాతు దేశపు సర్ఖేజు నీలిమందు ఈ సూరతు రేవునుండియే ఐరోపాకు ఓడలెక్కినది. మచిలీపట్టణమున 1611లో కొఠీ పెట్టిన ఇంగ్లీషు కంపెనీవారు వెనువెంటనే సూరతునందును కొఠీ పెట్టుటకు ఇట్టి సరకులే కారణము. లక్ష్మీనరసు శెట్టిగారు పెద్ద కళాశాలలలో చదివినవారు కారు. బడిచదువు ముగించి తండ్రి వ్యాపారములో ప్రవేశించి, దానిని వృద్ధిచేసిరి. నలువదియేండ్లకు చేరువగుచున్న వయస్సున, చేతినిండ ధనము, ఊరినిండ పరువు గల సమయమున, ఆయన ప్రజావ్యవహారములలోనికి దిగిరి.

ఇచ్చట ఒక పోలిక చెప్పవలసియున్నది. శెట్టిగారికంటె మూడేండ్లు చిన్నవాడైన అబ్రహాము లింకను అమెరికాలో ఒక పల్లెయందు అంగడి పెట్టి నష్టపోయెను. పిమ్మట ఆ న్యూసేలం పల్లెకే పోస్టుమాస్టరుగా నియమితుడయ్యెను. (కేంద్రప్రభుత్వోద్యోగుల సభలో ఈ మాట చెప్పుకొనుట కొంత గర్వకారణమే.) 1834లో ఇల్లినాయి రాష్ట్ర శాసనసభకు ఎన్నికై 1842 వరకు నాలుగు పర్యాయములు సభ్యుడుగా నుండెను. అప్పులపాలైన చిల్లర వర్తకుడు సైతము ఇరుగుపొరుగు గ్రామములవారి వోట్లతో రాష్ట్ర రాజకీయములలో మెట్టెక్కుట అచ్చట సాధ్యమయ్యెను. ఆ వోటు తెల్లజాతి పురుషులకే యుండినది. ఆ లోపము సామాన్యమైనది కాదు. చెన్నపట్టణమున మాత్రము కోటీశ్వరునకైనను వోటు లేదు, ఎన్నిక లేదు, సభ లేదు. ఉన్న మార్గమొక్కటే: కాగితముమీద కష్టము వ్రాసి, క్రింద చేవ్రాళ్ళు చేయించి, పైవారికి పంపుట.

ఆ మార్గమైనను అంతటను తెరచియుండలేదు. బానిసత్వమును గూర్చి ప్రజలు పంపుకొన్న అర్జీలను చర్చింపరాదని అమెరికా ప్రతినిధిసభ 1836లో నిబంధన చేసికొనెను. మాజీ అధ్యక్షుడైన జాన్ క్విన్సీ ఆడమ్సు ఏండ్లతరబడి పోరాడగా, 1844 డిసెంబరులో గాని ఆ నిబంధన తొలగలేదు. అర్జీని వినుట కంటె వినకుండుటకు ప్రభుత్వములు పడిన శ్రమయే యెక్కువ.

'క్రెసెంట్' పత్రికకు ఎడ్వర్డు హార్లీ అను ఇంగ్లీషువాడు సంపాదకుడు. హిందువుల స్థితిని బాగుచేయుటయే పత్రిక ఉద్దేశమని ప్రకటించిరి. ఆ ప్రకటనను సెయింటు జార్జికోట గెజెటునందు ప్రచురించుటకే ప్రభుత్వమువారు అంగీకరింపలేదు. ఇతర పత్రికలకు లభించు సౌకర్యములు దీనికి లభింపలేదు. అది చెన్నపట్టణమున మిషనరీల ప్రాబల్యము మిక్కుటముగా నున్న కాలము. గవర్నరు ట్వీడేలు ప్రభువు ప్రభుత్వ పాఠశాలలో బైబిలును పాఠ్యగ్రంథముగా పెట్టవలెనని సూచించెను. శెట్టిగారు సభలు చేయించిరి, వేలకొలది చేవ్రాళ్ళతో విన్నపములు లండనుకు పంపించిరి. 1847లో కంపెనీ డైరెక్టర్లు బైబిలు బోధనకు సమ్మతింపలేదు. ఆ విజయమునకు పూర్తి ఘనత శెట్టిగారిదే యనుట అతిశయోక్తి యగును. డైరెక్టర్లకు తమ జాగ్రత్త తమకు కలదు. అయినను, ఇచ్చటి గవర్నరు కాదన్నది లండనులో అవునని యనిపింపవచ్చునని ఆయన అప్పుడే గ్రహించియుండవచ్చును. అటుపిమ్మట ఆయన రాజకీయమంతయు ఈ యెరుకమీదనే నడచినది.

మతవిషయముతోనే ఆగిపోయినచో ఆయనను నేడు స్మరింప నవసరము లేకపోయెడిది. 1852 ఫిబ్రవరి 26వ తేదీన ఆయన ఆధ్వర్యమున చెన్నపట్టణ స్వదేశీయుల సంఘము ఏర్పడినది. 'మద్రాసు నేటివ్ అసోసియేషన్' అని దాని ఇంగ్లీషు పేరు. మొదట అది కలకత్తాలోని బ్రిటిష్ ఇండియన్ అసోసియేషనుకు శాఖ. కొద్ది నెలలకే విడిపోయి స్వతంత్రమయ్యెను. విడిపోవుట సహజమే. కలకత్తా సంఘము జమీందారుల చేతిలోనిది. చెన్నరాజధానిలో అధికభాగము రైతువారీ. రైతునకును కలెక్టరు కచేరీకిని నడుమ జమీందారు లేడు, తహసీలుదారు మాత్రమే కలడు. వారి బాధ వేరు, వీరి బాధ వేరు.

కంపెనీ పట్టా గడువు 1853తో ముగియనుండెను. దానిని మరల పొడిగించుటకు ముందు పార్లమెంటు మన మొర వినవలెనని సంఘమువారు 1852 చివర దీర్ఘమైన విన్నపమును సిద్ధపరచిరి. అందు రైతువారీ పన్నుల భారము కలదు, 1805నుండి ప్రభుత్వ గుత్తగా నున్న ఉప్పు కలదు, మొహతర్ఫా కలదు. ఈ మొహతర్ఫా మాట నేటివారికి కొత్తగా తోచును. అది చేతిపనులమీది పన్ను. నేతగాని మగ్గముమీద, కంసాలి పనిముట్టుమీద, అంగడివాని అంగడిమీద విధింపబడినది. సూరతులో నేడు వేలకొలది తెలుగు నేతపనివారి కుటుంబములు కలవు. లింబాయతు వీథులలో వారి తెలుగు వినబడును. వారి ముత్తాతల మగ్గములమీద పడిన పన్నును గూర్చి లండనునందు మొట్టమొదట గట్టిగా పలికిన విన్నపములలో ఇది యొకటి. ఆ పన్ను తరువాతి కాలమున తీసివేయబడినది.

మొర ఇన్ని చెప్పినను, పార్లమెంటును కదలించినది ఒక్కటియే: పన్నువసూలు నిమిత్తము రైతులను హింసించుట.

1853లో హెన్రీ డాన్బీ సీమోరు అను పార్లమెంటు సభ్యుడు చెన్నపట్టణము వచ్చెను. ఆయన ఆ యేడే లండనులో స్థాపితమైన ఇండియా సంస్కరణ సంఘమునకు అధ్యక్షుడు. శెట్టిగారు ఆయనను విందులతో సన్మానించి పంపివేసినచో ఎవరును ఆక్షేపించి యుండరు. ఆనాటి ధనికుల ఆచారమదియే. అట్లు చేయక, జిల్లాలలో త్రిప్పి, రైతుల నోటనే రైతుల కథను వినిపించిరి. 1854 జులైలో కామన్సుసభలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు కంపెనీ పక్షమువారు అట్టిది తామెన్నడును వినలేదనిరి. సీమోరు తాను విన్నది చెప్పెను. విచారణకు ఒప్పుకొనక తప్పలేదు. ఆ సెప్టెంబరుననే ఎలియటు, స్టోక్సు, జాన్ బ్రూస్ నార్టను అను మువ్వురితో విచారణసంఘము ఏర్పడెను.

ఆ సంఘము ఏడేండ్లలోపల జరిగిన హింసను గూర్చి మాత్రమే ఫిర్యాదులు స్వీకరించెను. కచేరి చెన్నపట్టణమున నుండెను. రైలు లేని కాలము. గోదావరి తీరమునుండియో, బళ్ళారినుండియో ఒక రైతు బయలుదేరవలెనన్నచో దారిబత్తెము కావలెను, పొలము విడువవలెను, తిరిగి వచ్చిన పిమ్మట అదే తహసీలుదారు ఎదుట నిలువవలెను. ఇన్ని అడ్డంకులు ఉన్నను 1,959 ఫిర్యాదులు వచ్చెను.

1855 ఏప్రిలులో వెలువడిన నివేదిక చదువుటకు కష్టమైన గ్రంథము. హింసలలో మిక్కిలి వ్యాపకములైనవి రెండని అందు చెప్పబడినది. మొదటిదానిని తమిళమున కిట్టి యనియు, తెలుగున చీరట యనియు నివేదిక వ్రాసినది. అది నిమ్మకాయ పిండు సాధనమువంటి కొయ్య. రెండు చెక్కల నడుమ చేతినో, తొడనో, చెవినో పెట్టి నొక్కుదురు. రెండవదానికి తమిళమున అనుందాళు, తెలుగున గింగేరి అని పేర్లు. మనిషిని వంచి, వానిచేతనే కాలివ్రేళ్ళు పట్టించి, మెడమీదుగా త్రాడువేసి కట్టి, ఎండలో నిలుపుట. ఇవి కాక భోజనమునకు పోనీయకుండుట, పశువులను మేతకు విడువకుండుట, ఇద్దరు బాకీదారుల జుట్లు ఒకదానితో నొకటి ముడివేయుట మున్నగునవి. బాకీదారుని ఇంట ఒక బంట్రోతును కూర్చుండబెట్టి, వాని దినబత్తెము కూడ ఆ బాకీదారుచేతనే ఇప్పించుట మరియొక పద్ధతి. పన్ను కట్టలేనివాడు పన్ను అడుగువానికి జీతమిచ్చుకొనవలెను.

ఈ నివేదికలో మనవారు దాటవేయ వీలులేని భాగమొకటి కలదు. చీరటకు తెలుగు పేరున్నదనగా, దానిని పట్టిన చేయియు తెలుగు చేయియే. హింసించినవారు తహసీలుదారులు, గ్రామాధికారులు, బంట్రోతులు. అల్పవేతనములతో కంపెనీ కొలువుచేసిన స్వదేశీయులు. విచారణసంఘమువారు దోషమంతయు ఈ క్రింది ఉద్యోగులమీద మోపి, దొరలను నిర్దోషులుగా విడిచిపెట్టిరి. ఆ తీర్పు సగము మాత్రమే సత్యము. శిస్తు ఇంత రావలెనని పైనుండి ఉత్తరువు వచ్చును. ధరలు పడిపోయిన యేళ్ళలోను, 1832–33 నాటి నందన కరవువంటి విపత్తులు గ్రామములను తుడిచిపెట్టిన పిమ్మటను, ఆ ఉత్తరువు మారదు. సొమ్ము ఎట్లు వచ్చినదని పైవారు అడుగరు. క్రిందివాడు చేయు పాపమునకు పైవాని లెక్కలపుస్తకమే సాక్షి. న్యూయార్కు డైలీ ట్రిబ్యూన్ పత్రికలో 1857 సెప్టెంబరున కార్ల్ మార్క్సు ఈ నివేదికను గూర్చి వ్రాయుచు సుమారుగా ఇదే విషయమును ఎత్తిచూపెను. చెన్నరాజధాని రైతుల గోడు అమెరికా పాఠకుల ఎదుటికి అట్లు చేరినది.

ఫలితమేమి? పన్ను వసూలుచేయువాని చేతిలోనే పోలీసు అధికారముండుటయే ఈ అనర్థమునకు ముఖ్యహేతువని విచారణసంఘము నిర్ణయించెను. 1859లో 24వ చట్టము ననుసరించి చెన్నరాజధానిలో పోలీసుశాఖ రెవెన్యూనుండి వేరై, ప్రత్యేకమైన ఇనస్పెక్టరు జనరలు క్రిందికి వచ్చెను. ఈ మార్పుతో హింస అంతరించినదనుట అసత్యము. ఠాణాలలో అది నిలిచియే యున్నది. 1860 నాటి భారత శిక్షాస్మృతి, 2024వ సంవత్సరము వరకు అమలులో నుండినది, తన 330వ సెక్షనుక్రింద శిస్తుబాకీకై రైతును బాధించు రెవెన్యూ ఉద్యోగిని దృష్టాంతముగా చూపుచునేయుండెను. అయినను కచేరి ముంగిట బాకీదారును ఎండలో వంచి నిలిపి, అది ప్రభుత్వకార్యమే యని చెప్పుకొను ధైర్యము మాత్రము పోయినది.

ఇంతటితో తృప్తిపడక శెట్టిగారి సంఘము 1855లో మరియొక విన్నపమును పంపినది. కంపెనీని తొలగించి రాణీ ప్రభుత్వమే నేరుగా పాలింపవలెనని కోరిన ఆ విన్నపమునకు పదునాలుగువేలమంది చేవ్రాళ్ళు చేసిరి. 1858లో ఆ మార్పు వచ్చినది. కాని వచ్చినది అర్జీవలన కాదు, 1857 నాటి మహావిప్లవమువలన. ఈ విషయమును స్పష్టముగా చెప్పుకొనుట న్యాయము. అర్జీ చేయగల పనియు కలదు, చేయలేని పనియు కలదు.

అందుచేత 1907లో తాపీతీరమున అతివాదులు అర్జీలను ఎగతాళి చేయుటలో కొంత న్యాయము లేకపోలేదు. ఏటేట అవే తీర్మానములు, అవే వినయవాక్యములు. కాని శెట్టిగారి అర్జీ ఆ జాతిది కాదు. అందు 'దయచూపుడు' అన్నమాటకంటె 'ఇది జరుగుచున్నది, విచారింపుడు' అన్నమాట పెద్దది. ఒకడు తన కష్టము చెప్పుకొన్నచో అది విన్నపము. వేలమంది ఒకే కష్టమును తేదీలతో, ఊళ్ళపేర్లతో చెప్పినచో అది సాక్ష్యము. కార్యాలయములలో దినదినము అర్జీలు స్వీకరించి, వరుససంఖ్య వేసి, ఫైలున చేర్చి, పైకి పంపు ఉద్యోగులకు ఈ భేదము వేరుగా చెప్పనక్కరలేదు. ఏ కాగితమును త్రోసివేయవచ్చునో, ఏ కాగితము జవాబు చెప్పించునో వారికి తెలియును.

ఇక శాసనసభ కథ. 1861 చట్టమువలన రాజధానులలో శాసననిర్మాణసభలు ఏర్పడినవి. చెన్నపట్టణ సభకు నియమితుడైన మొదటి భారతీయుడు వెంబాకం సదగోపాచార్యులుగారు. 1863లో ఆయన మరణింపగా, అదే సంవత్సరము లక్ష్మీనరసు శెట్టిగారు సభ్యులుగా నియమింపబడిరి. సి.ఎస్.ఐ. బిరుదమును లభించెను. గెజెటులో ప్రకటనయైనను అచ్చువేయనొల్లని ప్రభుత్వము, ఇరువదియేండ్లు నిండకమునుపే ఆయన పేరును అదే గెజెటున గౌరవముగా వేసికొనవలసి వచ్చెను.

గౌరవము వచ్చినది, అధికారము మాత్రము రాలేదు. ఆ చట్టము ప్రకారము సభ్యుడు ప్రశ్న అడుగరాదు. ఆదాయవ్యయములను చర్చింపరాదు. ఎదుట పెట్టిన చట్టమును గూర్చి మాత్రము మాటలాడవచ్చును. ప్రశ్నలు వేయుటకును బడ్జెటుపై మాటలాడుటకును పరిమితముగానైనను హక్కు 1892 వరకు రాలేదు. సభలో కుర్చీ లేనినాడు పార్లమెంటుచేత ప్రశ్నలు వేయించిన మనిషి, కుర్చీ లభించిన పిమ్మట ఒక్క ప్రశ్నయైనను అడుగుటకు వీలులేక కూర్చుండెను. ఆనాటి రాష్ట్ర రాజకీయజ్ఞుని వృత్తిలోని విచిత్రమిది. లింకనుకు శాసనసభ మొదటి మెట్టు. శెట్టిగారికి అది చివరి మెట్టు.

ఈ లోపల ఆయన వ్యాపారము సన్నగిల్లెను. పత్రిక నడపుట, సభలు చేయించుట, విన్నపములు వ్రాయించి లండనుకు పంపుట, ఇవన్నియు ఆయన ఖర్చుతో జరిగినవి. స్వదేశీయుల సంఘమును 1857 తరువాత క్రమముగా క్షీణించెను. చెన్నపట్టణమున మరల అట్టి సంస్థ బలముగా తలయెత్తుటకు 1884లో మద్రాసు మహాజనసభ స్థాపితమగువరకు వేచియుండవలసి వచ్చినది. దాని స్థాపకులలో నొకరైన చిత్తూరు జిల్లావారు పనప్పాకము ఆనందాచార్యులుగారు 1891లో నాగపురి కాంగ్రెసుకు అధ్యక్షులైరి. సూరతు చీలిక జరిగిన కొలది దినములకే, 1908 జనవరిలో, ఆయన కీర్తిశేషులైరి.

లక్ష్మీనరసు శెట్టిగారు 1868లో, శాసనసభ్యులుగా నుండగనే, అరువదిరెండేండ్ల వయస్సున మరణించిరి. తండ్రి యిచ్చిన నీలిమందు ధనములో అప్పటికి మిగిలినది స్వల్పము.